వెనక గోడ తూము

పొద్దున టీ తాగగానే ఇస్సాకు పెరటి వెనక గోడ దగ్గర గొంతుక్కూర్చుని, గోడ అడుగున ఉన్న తూములోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. వేపాకులు, ఒక పాల ప్యాకెట్టు, గుప్పెడు బురద బయటికి తీశాడు. డెబ్బై మూడేళ్ల మనిషి రోజూ చేసే మొదటి పని అదే. చందానగర్ పక్కన ఇళ్ల మధ్య ఇరుక్కుపోయిన చెరువుకు ఒకప్పుడు అతను నీరటి. తూము తీయడం, మూయడం, వానాకాలంలో కట్ట కాయడం అతని పని. చెరువు కింది పొలాలు ప్లాట్లయ్యాయి, పని పోయింది. ఇల్లు కట్టేటప్పుడు మాత్రం వెనక గోడలో జానెడు వెడల్పున ఈ దారి వదిలాడు. గోడ అవతల పాత కాలువ ఉంది.

"మామయ్యగారూ, ఆ చేత్తో గ్లాసు ముట్టుకోకండి," అంది కోడలు హన్నా మెట్ల మీది నుంచి. ఆమెది గుంటూరు. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. "నిన్న మళ్లీ అందులోంచి ఎలుక వచ్చింది. కింద గదిలో అమ్మాయి భయపడి చస్తోంది."

"ఎలుక వస్తే కొట్టొచ్చు బిడ్డా. నీళ్లొస్తే ఏం జేస్తవ్?"

"ఈ నీళ్ల మాట నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ వింటున్నానండి."

మనవరాలు దీవెన నవ్వు ఆపుకుంటూ తాతకు సబ్బు అందించింది. పదిహేనేళ్ల ఆ పిల్లకు ఇద్దరి మాటలూ అలవాటే.

పెరట్లోకి తలుపున్న కింద గదిలో రమ్య, వినయ్ అనే కడప దంపతులు కొత్తగా అద్దెకు దిగారు. రమ్యకు ఆరో నెల. రాత్రంతా ఆఫీసులో పనిచేసి పగలు పడుకుంటుంది. ఎలుకల బెడద పోకపోతే ఖాళీ చేస్తామని వినయ్ చెప్పేశాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఇస్సాకు కొడుకు శామ్యూల్ లుంగీ కట్టుకుని సిమెంటు కలిపాడు. హైటెక్ సిటీలోని ఒక టవర్‌కు అతను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. అక్కడి లిఫ్టులు, పంపులు అన్నీ అతనే చూసుకుంటాడు.

"ఏందిరా అది?" అన్నాడు ఇస్సాకు.

"తూము మూస్తున్న నాయినా. వాళ్లు పరేషాన్ అయితున్నరు."

"రోడ్డు చూసినవా? ఒకదాని మీద ఒకటి రెండుసార్లు ఏసిండ్రు. మన పెరడు నడుం లోతుకు దిగింది. మీద రెండు చెరువులున్నయి. మొదటిది నిండితే రెండోదాంట్లకు, అది నిండితే మనదాంట్లకు. మనది నిండి మత్తడి దుంకితే నీళ్లు రోడ్డెక్కుతయి. రోడ్డు మీదికెల్లి మన పెరట్ల వడ్డంక యాడికి పోవాలె?"

"డ్రైనేజీ ఉంది గద."

"అది ఇండ్ల నీళ్లకు. చెరువు దాంట్ల పడుతదా?"

శామ్యూల్ తాపీ కింద పెట్టాడు. "ఇరవై అంతస్తుల టవర్ల నీళ్లు చూసుకునేటోన్ని నేను. నాకు చెప్తవా? నువ్విప్పుడు నీరటివి కాదు నాయినా."

"రెండు వేల సంవత్సరం వరదల మీ అమ్మను భుజాల మీద ఎక్కించుకొని ఈడికెల్లే దాటిన. నీకు పదిహేనేండ్లు. మర్చిపోయినవా?"

"రోజూ చెప్తుంటే ఎట్ల మర్చిపోత?"

ఇస్సాకు వెనుదిరిగి లోపలికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అన్నం ముందు ప్రార్థన చేయమంటే, "నీ ఇల్లు, నువ్వే చెయ్యి," అన్నాడు. మర్నాటి నుంచి పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్లి, గట్టిపడిన సిమెంటును అరచేత్తో తడిమి వచ్చేవాడు.

సెప్టెంబరులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం వాన ఎదుటి ఇల్లు కనబడనంతగా కురిసింది. హన్నా డ్యూటీలో ఉంది. వినయ్ మాదాపూర్‌లో ఉన్నాడు. బడికి సెలవివ్వడంతో దీవెన ఇంట్లోనే ఉంది. రోడ్డు మీది నీళ్లు గేటు దాటి పెరట్లోకి దూకాయి. వెనక గోడకు తగిలి ఆగాయి. ఆగి, పైకి లేవడం మొదలుపెట్టాయి.

దీవెన తండ్రికి ఫోన్ చేసింది.

"టవర్ సెల్లార్ మునిగింది బిడ్డా. నాలుగు పంపులు పెట్టి రోడ్డు మీదికి తోడిపోస్తున్న. నన్ను కదలనిస్తలేరు. తాతను పైన్నే ఉండుమను."

తాత పైన లేడు. కింద గది లోపలి నుంచి రమ్య తలుపు బాదుతోంది. అది బయటికి తెరుచుకునే తలుపు. నీళ్లు దాన్ని అదిమి పట్టాయి.

"తాతా, తలుపు రాలేదు. మంచం మునుగుతాంది," అని రమ్య లోపలి నుంచే అరిచింది.

ఇస్సాకు గడ్డపార పట్టుకుని ఛాతీ లోతు నీళ్లలో వెనక గోడ వైపు నడుస్తున్నాడు. "మెట్టు దిగకు దీవెనా. దిగితే నా మీద ఒట్టు," అన్నాడు తిరిగి చూడకుండానే.

నీళ్ల అడుగున కనబడని చోట గడ్డపారతో పొడిచాడు. చాలాసేపు పొడిచాడు. తర్వాత గడ్డపార వదిలేసి, ఊపిరి బిగబట్టి మునిగాడు. గోడ దగ్గర నీళ్లు సుడి తిరిగాయి.

మునిగిన మెట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తలుపు కదిలింది. రమ్య కడుపు పట్టుకుని బయటికి వచ్చి మెట్లెక్కింది. తాత మాత్రం లేవలేదు.

నీళ్లు మోకాలి లోతుకు తగ్గాక కనిపించాడు. గోడకు ఆనుకుని, తల వంచుకుని, తూములోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు. రోజూ పొద్దున ఎలా కూర్చుంటాడో అలాగే ఉన్నాడు. ఆ చేతి చుట్టూ నీళ్లు ఇంకా పోతూనే ఉన్నాయి.

శామ్యూల్ నడుచుకుంటూ వచ్చేసరికి చీకటి పడుతోంది. ఇరుగుపొరుగు ఎంత ప్రయత్నించినా చెయ్యి బయటికి రాలేదు. చుట్టూ మిగిలిన సిమెంటును సుత్తి, ఉలి పెట్టి శామ్యూలే కొంచెం కొంచెంగా పగలగొట్టాడు. దెబ్బ తండ్రి చేతికి తగులుతుందేమోనని ప్రతిసారీ తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. చివరికి చెయ్యి వచ్చింది. పిడికిట్లో సిమెంటు పెళ్ల ఉంది.

"నేను కలిపిందే నాయినా," అని ఆ బురదలోనే కూలబడ్డాడు.

సమాధి చేసి వచ్చిన వారానికి శామ్యూల్ ఆ గోడను మళ్లీ కట్టాడు. ఈసారి రెండు జానల వెడల్పున తూము వదిలాడు. కింద గదిని ఎవరికీ ఇవ్వలేదు. రమ్య వాళ్లు ప్రగతి నగర్‌లో మూడో అంతస్తుకు మారారు.

మళ్లీ వాన పడిన మర్నాడు పొద్దున హన్నా టీ గ్లాసుతో పెరట్లోకి దిగింది. శామ్యూల్ గోడ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి వేపాకులు తీస్తున్నాడు. ఆమెను చూసి, ఆ బురద చేత్తోనే గ్లాసు అందుకున్నాడు.

హన్నా పక్కనే కూర్చుని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తనూ తూములోకి చెయ్యి పెట్టింది.