మూడో కంప్యూటర్‌లో పాత బ్రౌజర్

నలభై రెండు వేల రూపాయలతో మొదలుపెట్టాను. రెండు కొత్త కంప్యూటర్లకు ముప్పై ఆరు వేలు పోయాయి. మూడోది మతీన్ భాయ్ దగ్గర నాలుగు వేలకు సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాను. మిగిలిన రెండు వేలు షాపు అడ్వాన్సు. చండ్రుగొండ బస్టాండు ఎదురుగా నా ఇంటర్నెట్ సెంటర్ అలా తెరుచుకుంది.

"ఇది ఎట్లున్నదో గట్లనే నడుపుకో తమ్మీ. అప్‌డేట్లు గిట్ల ఎక్కియ్యకు" అన్నాడు మతీన్ భాయ్, మూడోదాన్ని ఆటోలో పెడుతూ. పాత సామాను అమ్మేవాళ్లు అలాగే అంటారనుకున్నాను.

2008 వానాకాలం అది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ ఏడో వెర్షన్ అప్‌డేట్‌లలో మూడింట్లోనూ దానంతటదే దిగింది. నేను ఊరుకోలేదు. దాని మీద విండోస్ ఎక్స్‌పీ కొత్త సర్వీస్ ప్యాక్ సీడీ తెచ్చి, మూడింటికీ ఎక్కించాను. మండలంలో అన్నీ కొత్తవి ఉన్నది నా దగ్గరే అని మురిసిపోయాను.

మర్నాడు మధ్యాహ్నానికే చీకటి పడింది. ముసురు వాన. తండా నుంచి బిచ్యా తన కూతురు లాలిని తీసుకొచ్చాడు. నర్సింగ్ ట్రైనింగ్‌కి దరఖాస్తు. అదే ఆఖరు తారీకు. సాయంత్రం ఐదుకి సైటు మూసేస్తారు.

"సీటొస్తే దవాఖానాల కొలువు సారూ. లేకుంటే నాతోని పామాయిల్ తోటల కూలికే" అన్నాడు బిచ్యా.

"నువ్వు ఊకో నాయినా. అన్నకు పని చేసుకోనియ్యి" అంది లాలి.

ఫారం నింపాం. ఫోటో ఎక్కించాం. సబ్మిట్ బటన్ నొక్కితే ఏమీ కాలేదు. రెండో కంప్యూటర్‌లోనూ అంతే. ఆ సైటు ఆరో వెర్షన్ కోసం రాసింది. నా దగ్గర ఏడు. ఏడును తీసేస్తే ఆరు తిరిగొస్తుంది కదా అని చూశాను. తీసేసే బటన్ బూడిదరంగులో ఉంది. నొక్కుడు పడలేదు.

మతీన్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"ఉల్టా చేసినవ్ కదరా! ముందుగాల ఏడును తీసి, అటెనుక ప్యాక్ ఎక్కియ్యాలె. ఇప్పుడది పోదు. విండోస్ మొత్తం మళ్ల ఎక్కియ్యాలె."

అంత టైము లేదు.

"మూడోదానికి గూడ ఎక్కించినవా?" గొంతు తగ్గించి అడిగాడు.

"అవ్ భాయ్."

అవతల ఏదో తలుపు మూసిన చప్పుడైంది.

"అది భద్రాచలంల కరకట్ట పక్క సెంటర్‌ది. గాడ గూడ గిట్లనే, ఆఖరు తారీకు ముంగట అప్‌డేట్ ఎక్కిచ్చిండ్రు. బటన్ పనిచెయ్యలె. ఓ పిల్ల ఫారం పోతేనే లేస్తనని కూసుంది. గోదారి లోపలికొచ్చినా లేవలె... దాన్ని ఆపెయ్ బలరాం. జల్దీ..."

లైను తెగిపోయింది. అమ్మిన రోజు ఈ ముక్క చెప్పలేదు మనిషి.

వెనక్కి తిరిగాను. మూడోదాని ముందు లాలి కూర్చుని ఉంది.

"అన్నా, దీన్ల తెరుచుకుంది."

వెర్షన్ చూశాను. ఆరు. ఏడు దిగి, నా చేతులతో నేనే ప్యాక్ ఎక్కించిన మెషీన్. గదిలో ఒండ్రు వాసన... నిన్నటిదాకా లేని వాసన.

ఆపేయాల్సింది. ఐదుకి ఇంకా పది నిమిషాలే ఉంది. ఆపలేదు.

లాలి తన పేరు కోసం 'ఎల్' అక్షరం కొట్టింది. కింద చిన్న పెట్టె తెరుచుకుంది, పాత బ్రౌజర్ ఇదివరకు కొట్టిన పేర్లు గుర్తుపెట్టుకుని చూపిస్తుందే, అలా. అందులో ఒక్కటే పేరు, 'ఎల్'తో మొదలవనిది. శ్రావణి.

"అన్నా, ఎవరీమె?" గుసగుసగా అంది లాలి.

చెరిపేశాను. మళ్లీ వచ్చింది. లాలి పట్టించుకోకుండా తన పేరు పూర్తిగా కొట్టి, మిగతా ఫారం నింపింది. నేను రెండుసార్లు చదివి చూసుకున్నాను. లాలి. తండ్రి బిచ్యా. బటన్ నొక్కింది.

పోయింది.

ప్రింటర్ మెల్లగా కాగితాన్ని కక్కింది. అభ్యర్థి పేరు, శ్రావణి. ఊరు, భద్రాచలం. ఫోటోలో తల నుంచి నీళ్లు కారుతున్న ఒక అమ్మాయి.

మళ్లీ ఫారం తెరవబోయాను. సైటు మూసేశారు.

చదువురాని బిచ్యా కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. "అయిపాయె. సల్లగుండు సారూ" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాను.

నేల తడిగా ఉంది. వాన లోపలికి కొట్టలేదు. తడి లాలి కుర్చీ కింద... ఆమె జడ కొస నుంచి బొట్లు బొట్లుగా...

"లాలీ, పోదాం పా. బస్సు పోతది" అన్నాడు బిచ్యా.

ఆమె తిరగలేదు.

"లాలీ!"

తెర వైపే చూస్తూ కూర్చుంది. ఊపిరికి భుజాలు కదలడం లేదు.

"చెవుడా బిడ్డా?" బిచ్యా నవ్వాడు. నా వైపు చూశాడు. "నువ్వన్న పిలువు సారూ."

అతని చేతిలోని కాగితం మీది పేరు మళ్లీ ఒకసారి చదువుకున్నాను. గొంతు సవరించుకున్నాను.