మెట్ల దారిలో తట్టే గది

కొండ మీది బుద్ధుడి గుడికి రెండు దారులు. ముందు వైపు పాత రాతి మెట్లు, వెనక వైపు వ్యాన్లు పోయే మట్టి రోడ్డు. మెట్ల దారే దగ్గర. కానీ చీకటి విడవకముందు ఆ దారిన వెళ్లమంటే మా వీధిలో మీసాలు మెలేసే వాళ్లు కూడా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేవాళ్లు.

కారణం... సగం మెట్లెక్కాక ఎడమ చేతి వైపు ఉన్న గది. ఎప్పుడో యాత్రికుల కోసం కట్టిన సత్రంలో కూలిపోగా మిగిలింది అదొక్కటే. పగలు చూస్తే తాళం. చీకట్లో మాత్రం లోపలి నుంచి ఎవరో తడతారు. తలుపు మీద కాదట. ఇంకా లోపల, బోలుగా ఉన్న దేన్నో...

టక్ టక్... టక్.

రెండుసార్లు కొట్టి, కాస్త ఆగి, మళ్లీ ఒకసారి. విన్నవాళ్లు తల తిప్పకుండా దిగిపోవాలట. అక్కడ తిండి వాసన కూడా వస్తుందట, ఆకలితో చచ్చిన దెయ్యం కాబట్టి. దానికి ఆకలైతే వాసన మనకెందుకు రావాలని నేనొకసారి అడిగాను. "నీకన్నీ వెటకారమే" అని కసిరారు. నిజం చెప్పాలిగా, వెటకారం చేశానే గానీ ఆ దారిన నేనూ ఎప్పుడూ వెళ్లలేదు.

నాది ఫొటో ఫ్రేముల కొట్టు. పక్కనే బేకరీ. రెంటికీ మధ్య ఒకటే గోడ. ఆ బేకరీ నడిపేది ఒంటరి ఆడమనిషి. ఆరేళ్ల కిందట ఆమె భర్త, పొద్దు పొడవడం గుడి దగ్గర చూడాలని, చీకటితో మెట్ల దారి పట్టాడు. ఆ వేకువనే కొండచరియ విరిగిపడింది. ఆయన చెప్పుల్లో ఒకటి దొరికింది. మనిషి దొరకలేదు. ఆయన ఫొటోకి ఫ్రేము కట్టింది నేనే.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. కూర్చునే వీలు లేదు. పిండి కలపడం, పొయ్యి రాజేయడం, కొట్టు తెరవడం — ఇద్దరి పని ఒక్కతే నెత్తిన వేసుకుంది. ఆమెకి అండగా నిలబడ్డది ఆడపడుచు ఒక్కతే. భర్తకి అక్క. సొంత వ్యాన్ నడుపుతుంది, ఊళ్లో కొట్లకి సరుకులు చేరవేస్తుంది. నెలకోసారి బేకరీ నుంచి గుడికి పిండి మూటలు తీసుకెళ్లేది కూడా ఆవిడే.

అది భర్త ఆత్మశాంతి కోసం ఈమె ఇచ్చే దానం. అమ్మకానికి వాడే పిండి కాదు, అంతకంటే మేలు రకం. కొట్టు మూటల్లో కలిసిపోకూడదని మూతుల్ని ఎర్ర దారంతో తనే కుట్టేది. "ఆయనకి నాసిరకం పిండి ముట్టుకోవాలంటేనే చిరాకు మాస్టారూ" అనేది, దారం పళ్లతో తెంపుతూ.

నా భార్య పోయి చాలా కాలమైంది. ఒకరోజు ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, బేకరీ గోడ మీద ఫొటోకి మేకు కొడుతున్నవాణ్ణి సుత్తి పక్కన పెట్టి, మనం పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుందని అడిగేశాను.

ఆమె కోప్పడలేదు. చేతికంటిన పిండి గిల్లుకుంది.

"ఆయన్ని అడగాలి" అంది.

"ఎవర్ని?"

"ఆయన్నే. వెళ్లే ముందు రోజు పొయ్యి దగ్గర పోట్లాడుకున్నాం. మంచిగా సెలవు కూడా తీసుకోలేదు. ఒకసారి ఆ కొండెక్కి... చెప్పి రావాలి. అప్పటిదాకా మీకు ఔననీ అనలేను, కాదనీ అనలేను."

అంతే. నా పెళ్లి కాస్తా ఆ గుడి ప్రయాణానికి ముడిపడింది. ఇక రోజూ అదే చర్చ — వెళ్లాలా వద్దా, వెళ్తే ఎలా.

ఆడపడుచు వినగానే బేకరీ బల్ల మీద చెయ్యి చరిచింది. "ఎందుకే పిల్లా ఇప్పుడు? గుడికి పంపాల్సింది పంపుతూనే ఉన్నావుగా."

"ఒక్కసారి వదినా. ఆయన నడిచిన దారిన నడుద్దామని."

"ఆ దారి మాటెత్తకు!" ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ గది ముందు నుంచి... నువ్వా? ఒంటరిగా? తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను, నిన్ను కూడా పోగొట్టుకోమంటావా? పోవాలనే ఉంటే నా వ్యాన్‌లో పోదాం. వెనక రోడ్డున. ఎండెక్కాక వెళ్లి, దణ్ణం పెట్టుకుని వచ్చేద్దాం."

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. నాక్కూడా గుండె చెరువైంది. ఇంత మంచి ఆడపడుచు ఎంతమందికి దొరుకుతుంది అనుకున్నాను. అనుకున్నవాణ్ణి ఊరుకోక పైకి కూడా అన్నాను.

సరే, వ్యాన్‌లోనే అని తేలింది. ఒక వారం వ్యాన్ బ్రేకులు బాగాలేవు. ఇంకో వారం వానొచ్చేలా ఉంది. మరో వారం ఆవిడకి నడుం నొప్పి. పిండి మూటలు మాత్రం వేళ తప్పకుండా కొండెక్కుతూనే ఉన్నాయి. అది మా ఇద్దరికీ వింతగా తోచలేదు. నమ్మకం అలాంటిది, కళ్లు తెరిచి ఉంచినా చూడనివ్వదు.

చివరికి ఒక సాయంత్రం ఆమె మా కొట్టు మెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది.

"రేపు చీకటితో వెళ్తున్నాను. మెట్ల దారిన. స్కూటర్ మీద కింద దాకా దింపుతారా?"

"నేనూ పైకి వస్తాను."

"మీరొస్తే ఆయనతో ఏం మాట్లాడను? మాట్లాడాల్సింది మీ గురించే కదా!" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను రాత్రంతా నిద్రపోలేదు.

కొండ కింద మూసి ఉన్న టీకొట్టు బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, టార్చిలైటు పట్టుకుని ఆమె మెట్లెక్కింది. కాసేపు వెలుతురు కనబడింది. తర్వాత అదీ లేదు. అక్కణ్ణుంచి జరిగింది ఆమె చెప్పగా నేను విన్నదే. ఒక్క ముక్క కల్పించలేదు.

మెట్లు మంచుకి తడిసి ఉన్నాయి. పిట్ట అరవడం లేదు. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. ఎవరో వెనకే వస్తున్నట్టు... ఆగితే ఆగుతున్నట్టు... అది తన చీర కుచ్చిళ్లు రాతికి రాసుకునే చప్పుడేనని తనకి తను చెప్పుకుంటూ ఎక్కింది.

మలుపు తిరిగాక ఎడమ చేతి వైపు ఆ గది నల్లగా కనబడింది.

టార్చి ఆర్పేసింది. ఎందుకార్పిందో ఆమెకే తెలియదు. తిండి వాసన సంగతి గుర్తొచ్చి గాలి పీల్చి చూసింది — ఏ వాసనా తగల్లేదు. ఆ గది దాటేద్దామని గబగబా నాలుగు మెట్లు ఎక్కింది.

టక్ టక్...

కాళ్లు కదల్లేదు.

...టక్.

భయంతో కాదు. ఆ చప్పుడు ఆమెకి తెలుసు.

నాకూ తెలుసు. ఆయన ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామున గోడ అవతల నుంచి అదే చప్పుడు నా నిద్ర పాడుచేసేది. కాలిన రొట్టెని తిరగేసి అడుగున వేలి కణుపుతో కొడతారు. బోలుగా మోగితే ఉడికినట్టు. ఎవరైనా ఒకసారి కొడితే చాలు. ఆయనకి చాలదు. రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, అనుమానం తీరక మళ్లీ ఒకటి కొట్టేవాడు. ఆ అలవాటు మీదే వాళ్లిద్దరూ ఎన్నోసార్లు పోట్లాడుకున్నారు.

చచ్చిపోయినా మనిషి పని మానలేదు అనుకుంది ఆమె. పొయ్యి లేదు, పిండి లేదు... గాలిలో రొట్టెలు కొట్టి చూసుకుంటున్నాడు. గుండెల్లోంచి ఏడుపు తన్నుకొచ్చింది. దిగివచ్చి, ఆ తలుపుకి నుదురానించి, గుసగుసగా మాట్లాడింది.

"ఏమండీ... నేనే."

చప్పుడు ఆగింది.

"భయపడి రాలేదు ఇన్నాళ్లూ. కోపం పెట్టుకోకండి. ఒక్క మాట అడగాలని వచ్చాను. పక్క కొట్టు ఫ్రేముల మాస్టారు... మంచాయన. నన్ను చేసుకుంటానంటున్నారు. మీ మనసు కష్టపడితే చేసుకోను. ఇన్నాళ్లూ మీ కోసమే ఉన్నాను. ఇక ముందూ ఉంటాను. మీరు... ఏదో ఒకటి చెప్పండి."

లోపల ఏదో రేకు పళ్లెం కిందపడి గలగలమంది.

గడియ తీసిన చప్పుడు...

తలుపు తెరుచుకుంది. లోపల పొయ్యి ఎర్రగా మండుతోంది. దాని ముందు మోచేతుల దాకా పిండితో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నీడ ఉంది. కాళ్లు నేల మీదే ఉన్నాయి.

"నిన్ను రానివ్వొద్దని అక్కకి చెప్పానే..." అన్నాడు.

అదీ ఆయన పలికిన మొదటి మాట.

ఆమె చూపు ఆయన భుజం మీదుగా లోపలికి పోయింది. గోడవారగా పిండి మూటలు పేర్చి ఉన్నాయి. ఒక్కో మూట మూతికీ ఎర్ర దారం. ఆమె చేతి కుట్టు. ఆయన ఆత్మశాంతికి ఆమె ఇచ్చిన పిండి.

అప్పుడు తెలిసింది వాసన ఎందుకు తగల్లేదో. గది నిండా రొట్టె వాసనే. ఏళ్ల తరబడి ఒంటికీ జుట్టుకీ అదే పట్టి ఉన్న మనిషికి అది వేరే వాసనలా ఎలా తెలుస్తుంది? మరొకళ్లెవరైనా అయితే మలుపులోనే పట్టేద్దురు.

"చరియ పడ్డప్పుడు నేను చెప్పులు మెట్ల మీద విడిచి పైకెళ్లి ఉన్నాను" అన్నాడాయన, నేల చూస్తూ. "వెనక దారిన దిగి వచ్చేసరికి నేను పోయానని అందరూ ఏడుస్తున్నారు. దూరం నుంచి చూశాను. ఎందుకో... ప్రాణం హాయిగా అనిపించింది. ఇక ఆ కొట్టు, ఆ పొయ్యి, ఆ గొడవ అక్కర్లేదనిపించింది. అక్కకి ఒక్కదానికే చెప్పాను. గుడివాళ్లకి ఎవరూ లేనివాణ్ణని చెప్పి, వాళ్లకి రొట్టెలు కాలుస్తున్నాను."

"ఇక్కడా పొయ్యే కదా."

"ఇక్కడెవరూ నాతో మాట్లాడరు."

ఆమె లోపలికి అడుగుపెట్టి ఒక మూట మీది ఎర్ర దారాన్ని తడిమి చూసింది. ఆయనకి అది ధైర్యమిచ్చినట్టుంది.

"నువ్వడిగింది విన్నాను. చేసుకో. నాకేం అభ్యంతరం లేదు."

పైగా బల్ల మీంచి ఒక రొట్టె తీసి చేతిలో పెట్టాడు, తినమని. ఆమె దాన్ని తిరగేసింది. వేలితో ఒక్కసారి కొట్టింది. "లోపల పచ్చిగా ఉంది" అని బల్ల మీద పెట్టేసి, టార్చి వెలిగించుకుని దిగి వచ్చేసింది. గుడి దాకా వెళ్లనే లేదు.

నేను చూసేసరికి ఆమె చేతికి తెల్లగా ఏదో అంటి ఉంది. దెయ్యం పట్టుకుందేమోనని హడలిపోయాను. "వదిన ఇంటికి పోనివ్వండి" అంది. ఇంకో మాట లేదు.

ఆడపడుచు వాకిట్లో వ్యాన్ కడుగుతోంది. ఈమె చేతికున్న పిండి చూడగానే ఆవిడ చేతిలోని పైపు జారిపోయింది. నీళ్లు మా కాళ్ల మీదికి పారుతున్నా ఎవరం కదల్లేదు.

"తట్టే దెయ్యం కథ అల్లింది నువ్వేనా వదినా?"

"జనం ఆ చుట్టుపక్కలకి పోకూడదని... వాడు బతికుంటే చాలనుకున్నానే. తోడబుట్టినవాడు."

"మరి నేను?"

"నువ్వు గట్టిదానివి" అంది ఆవిడ. "తట్టుకుంటావనుకున్నాను."

ఆమె మనసు విరిగింది ఆ మాటకేనట. భర్త మాటకి కాదు. ఆయన పారిపోయినవాడు. ఈవిడ రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి, కన్నీళ్లు తుడిచి, తుడిచిన చేత్తోనే మూటలు మోసుకెళ్లింది.

"ఇక పిండి రాదు వదినా" అని మాత్రం అంది.

తిరిగి వస్తుంటే దారిలో నేను ఆగలేక మరి మన పెళ్లి సంగతేమిటని అడిగాను. ఇంత జరిగాక కూడా అడిగిన నా బుద్ధిని ఏమనాలో మీరే అనుకోండి.

"ఆయన ఒప్పుకున్నారు మాస్టారూ" అంది వెనక సీటు నుంచి. "అందుకే నేను ఒప్పుకోలేకపోతున్నాను. కొన్నాళ్లు నన్నేమీ అడక్కండి. ఎవరేం చెప్పినా నమ్మబుద్ధి కావడం లేదు."

నేను అడగడం లేదు. గోడ ఇవతల ఫ్రేములు కట్టుకుంటున్నాను.

ఆయన ఫొటో మాత్రం గోడ మీద నుంచి దించలేదామె. ఆయన బతికున్న సంగతి ఎవరికీ చెప్పనూ లేదు. చచ్చిపోయినట్టు ఉండాలనుకున్నవాణ్ణి నేనెందుకు బతికించాలి అంది నాతో.

మొన్న నేను బేకరీలో ఉండగా వీధి చివర దర్జీ భార్య వచ్చింది. కొండ మీది గుడికి వెళ్దామనుకుంటున్నారట. వ్యాన్ మాట్లాడుకోవాలా, మెట్ల దారిన పోవచ్చా అని సందేహం.

"నువ్వు వెళ్లొచ్చావటగా అక్కా" అంది గొంతు తగ్గించి. "నిజంగానే ఉందా... అక్కడ?"

"ఉంది. నా కళ్లతో చూశాను."

దర్జీ భార్య గుండె మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో! ఎలా ఉంది?"

ఆమె అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెని తిరగేసి, అడుగున ఒక్కసారి కొట్టి, కాగితంలో చుట్టింది.

"కాస్త ఒళ్లు చేసింది" అంది.