ముద్ర పడని స్టాంపు

అది అసురసంధ్య వేళ! సెయింట్ లారెన్స్ నది మీద కారుమేఘాలు కమ్ముకొస్తున్నాయి. ఫెళఫెళమంటూ ఉరుములు... గట్టు మీద ఎక్కడో గుడ్లగూబ కర్ణకఠోరంగా అరిచింది.

ఆర్డిత్ ఒళ్ళు గగుర్పొడిచింది. ఆమె వంటింటి బల్ల మీద కపాలం! అది ఆమె అత్తగారు కెటురాది. నిరుడు ఓడల దారి కోసం ఊరిని ముంచినప్పుడు జనం ఇళ్ళను చక్రాల మీదకెక్కించి ఈ గట్టుకు తెచ్చుకున్నారు. "మీ మామయ్య సమాధి పక్కనుంచి నన్ను కదపొద్దు" అని ముందే చెప్పి పోయిన ముసలామె మాత్రం నీటి అడుగునే ఉండిపోయిందని అంతా అనుకున్నారు. కానీ నీళ్ళు రాకముందే మాంత్రికుడు ఆంబ్రోస్ ఆమె సమాధిని తవ్వేశాడు!

కపాలం నుదుట ఎర్రటి, నీలపు స్టాంపు. ఓడల దారి తెరిచిన సంబరానికి ప్రభుత్వం వేసిన స్టాంపే అది. మధ్యాహ్నం స్టాంపులు సేకరించే పెద్దమనిషిలా వచ్చి, "నోరెండిపోయింది తల్లీ, కాస్త తడిపిపెట్టు" అన్నాడు ఆంబ్రోస్. ఆర్డిత్ కూతురు లోర్నా స్టాంపును అమాయకంగా నాలుకతో తడిపిస్తే, దాన్ని కపాలానికి అంటించాడు. అంతే! ఇప్పుడా పిల్ల జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి భీకరంగా ఊగిపోతోంది...

"ఓడ కూత వినబడగానే దీని మీద రక్తముద్ర వేస్తాను!" హుంకరించాడు ఆంబ్రోస్. "ఇక ముసలిదాని ఆత్మ నీ కూతురి ఒంట్లో శాశ్వత బందీ! నేను చూపించిన ఓడనల్లా ముంచుతుంది! నీ కూతురు మళ్ళీ రాదు!"

"బాబ్బాబు, కావాలంటే నన్ను తీసుకో! పిల్లనొదిలెయ్!"

అప్పుడు లోర్నా గొంతులోంచి ముసలి స్వరం గయ్యిమంది. "ఏమే కోడలా! అక్కడ కెటిల్ మరిగిపోతుంటే గుడ్లప్పగించి చూస్తావేం? పొదుపంటే ఏంటో ఇంకెన్నిసార్లు చెప్పాలే నీకు?"

మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు. "చచ్చినా కోడలి మీద పెత్తనం పోలేదు!"

ఆర్డిత్‌కు మాత్రం చటుక్కున వెలిగింది. ముద్ర పడని స్టాంపు కనబడితే చాలు, కెటిల్ ఆవిరి పట్టి, ఊడదీసి మళ్ళీ వాడేది అత్తగారు. ఒక్క స్టాంపు పారేసిందని కోడల్ని వారం రోజులు సాధించింది కూడా!

భోం...మ్మ్! నది మీద ఓడ కూత!

ఆంబ్రోస్ కత్తితో బొటనవేలు కోసుకుంటున్నాడు. ఆర్డిత్ ఒక్క దూకున కెటిల్ అందుకుని, బుస్సున వచ్చే ఆవిరిని కపాలానికి పట్టించింది. వేళ్ళు కాలి బొబ్బలెక్కినా వదల్లేదు. స్టాంపు ముడుచుకుని ఊడివచ్చింది. ఆ తడిజిగురుతోనే దాన్ని మాంత్రికుడి నుదుట ఛట్టున అంటించింది!

లోర్నా కుప్పకూలింది. ఆంబ్రోస్ కనుగుడ్లు తేలిపోయాయి...

"పద, దొంగవెధవా!" అతని నోటినుంచే కెటురా గర్జించింది. "తెచ్చినవాడివి నువ్వే దిగబెట్టు!"

అతని చేతులు వాటంతటవే కపాలాన్ని ఎత్తుకున్నాయి. కాళ్ళు గట్టు దిగాయి. "వద్దు... కాపాడండి!" ఆ ఆక్రందన ఉరుముల్లో కలిసిపోయింది. మోకాళ్ళు, రొమ్ము, తల... మునిగిన ఊరి వైపే నడుస్తూ నదీగర్భంలో అంతర్ధానమైపోయాడు.

"అమ్మా... నోరంతా జిగురు జిగురుగా ఉందే" అంది లోర్నా కళ్ళు తెరిచి.

ఆర్డిత్ కూతుర్ని గుండెలకు హత్తుకుని భోరుమంది. తర్వాత, బతికున్నన్నాళ్ళూ తనతో ఒక్క మంచి మాటైనా మాట్లాడని ఆ మనిషి కోసం నీటి దగ్గరకు నడిచింది.

"ఇంటికి చేరారా అత్తయ్యా?" అని పిలిచింది.