పెద్దాయన లేచేదాకా

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేపేది ఒక కంప్యూటర్ని, అందరికంటే ఆఖరున లేచేదీ అదే. దాని పేరు పెద్దాయన. పేరు పెట్టింది నాయనమ్మ. మీట నొక్కగానే ఒక మూలుగు, ఆ వెనకాల దగ్గులాంటి చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ మూలుగు. ఆ వరస చూసి, మీ తాతయ్య కూడా ఇంతేనే, లేపితే లేచేవాడు కాదు, లేచాక ఊరుకునేవాడు కాదు అని మనవరాలితో అందావిడ. అప్పట్నుంచీ అది పెద్దాయనే.

పెద్దాయనను నమ్ముకుని బతుకుతున్నవాడు నాయనమ్మ కొడుకు. ముందు గదిలో ఒక బల్ల, ఒక ప్రింటరు పెట్టుకుని బళ్ళకు ప్రశ్నపత్రాలు, కొట్లకు రసీదు పుస్తకాలు, "ఇక్కడ బళ్ళు నిలపరాదు" అనే నోటీసులు టైపు చేసి ఇస్తుంటాడు. వీధివాళ్ళు అక్షరాలాయన అంటారు. పేరు మంచిదే గాని అన్యాయంగా పెట్టారు. ఆయన అక్షరాలన్నీ తెర మీదే, నోట్లోంచి ఒక్కటి రాదు. బల్ల ముందు కూర్చున్నాడంటే, అన్నానికి పిలిచినా "ఊఁ", కప్పు కూలిందన్నా "ఊఁ". ఆ ఊఁకీ ఈ ఊఁకీ తేడా కనిపెట్టడానికి ఆయన ఇల్లాలికి సగం జీవితం పట్టింది.

అయితే రోజులో ఒక్క పూట మాత్రం ఆ మనిషికి నోరుండేది. పొద్దున్నే మీట నొక్కి, వంటింట్లోకొచ్చి, గోడవార పీట మీద కూర్చునేవాడు. ఇల్లాలు రెండు గ్లాసుల్లో టీ పోసి గట్టుకు ఆనుకుని నిలబడేది. పెద్దాయన మూలిగి, దగ్గి, లేచేదాకా ఇద్దరికీ వేరే పని లేదు. పక్కింటివాళ్ళ గొట్టం కారి మన గోడకు పట్టిన చెమ్మ, కూతురి మొండితనం, తన మోకాలు, చిన్నప్పుడు సగం నేర్చుకుని వదిలేసిన ఈత, అన్నీ ఆవిడ చెప్పేది. ఆయన వినేవాడు, నవ్వేవాడు, అడ్డం తిరిగేవాడు, నీ మోకాలికి ఈతే మందు అని ఏడిపించేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అచ్చంగా నాది అనుకున్నది ఏదైనా ఉంటే ఆ కాసేపే. అది కూడా మొగుడిచ్చింది కాదు, పెద్దాయన దయ.

చిక్కంతా పెద్ద పంతులమ్మగారి వల్ల వచ్చింది. వీధి చివర బడిని నడిపేది ఆవిడే. నెలవారీ పరీక్ష పొద్దున ప్రశ్నపత్రాలు ఆలస్యంగా వెళ్ళాయి. పేజీకి పేజీకి మధ్య పెద్దాయన ఆయాసపడటమే కారణం. పంతులమ్మగారు గడప మీద నిలబడి, పిల్లలు ఖాళీ చేతులతో కూర్చున్నారండీ, ఇంకోసారి ఇలా అయితే మలుపులోని కొత్త షాపుకి ఇచ్చుకుంటాను అని చెప్పి వెళ్ళింది. అక్షరాలాయన ఆ రోజు "ఊఁ" కూడా అనలేదు. ఆ బడి పోతే ఆయన పనిలో సగం పోయినట్టే.

కూతురు బ్యాంకులో పనిచేస్తుంది. కౌంటరు దగ్గర రోజంతా అందరికీ ఓపికగా సమాధానం చెప్పి, మిగిలిన అసహనాన్ని ఇంటికి తెచ్చుకుంటుంది. ఇక లాభం లేదు, నేనే బాగుచేస్తానంది. కొత్తది కొనక్కర్లేదట, లోపల రెండు సామాన్లు మారిస్తే చాలట. వాళ్ళ నాన్న భయపడ్డాడు. పాత గోడ మీద మేకు కొడితే గోడే రాలుతుంది, వద్దులే అన్నాడు. కూతురు వినలేదు. వినకపోవడం ఆ పిల్లకు తండ్రి దగ్గర్నుంచే వచ్చింది.

ఆదివారం పొద్దున నేల మీద పాత పేపర్లు పరిచి పెద్దాయన పొట్ట విప్పింది. అందులోంచి వచ్చిన దుమ్ముతో ఒక దిండు కుట్టొచ్చని నాయనమ్మ తేల్చింది. దుమ్ముతోపాటు ఒక ఎండిపోయిన బొద్దింక, చిన్నప్పుడు కూతురు రెండు రోజులు ఏడ్చి ఇల్లంతా వెతికించిన ఎర్ర క్లిప్పు కూడా బయటపడ్డాయి. అమ్మకు అర్థమయ్యేలా కూతురు వివరించింది. ర్యామ్ అంటే పని పరుచుకునే బల్లట, చిన్న బల్ల తీసి పెద్ద బల్ల వేస్తున్నాం. పాత డిస్కు గిరగిరా తిరుగుతూ వెతుక్కునేదట, అందుకే ఆ మూలుగు. కొత్తదాంట్లో తిరిగేదేమీ ఉండదు, అడగ్గానే ఇచ్చేస్తుంది. ఇల్లాలు అన్నిటికీ తలూపింది. తన గొయ్యి తనే తవ్వుకోవడమంటే అదేనని ఆవిడకు అప్పుడు తెలీదు. పక్కన కూర్చుని సాయంత్రందాకా టార్చిలైటు పట్టింది.

మర్నాడు పొద్దున అక్షరాలాయన అలవాటుగా మీట నొక్కి వంటింట్లోకి వచ్చాడు. మూలుగు లేదు, దగ్గు లేదు. పీట మీద ఇంకా సరిగ్గా కూర్చోలేదు, ముందు గదిలోంచి కూతురు, "నాన్నా, రెడీ" అని కేకేసింది. ఆయన అటు కూర్చోనూ లేక, ఇటు లేవనూ లేక భార్య వంక చూశాడు. ఆవిడ చేతిలో టీ గిన్నె ఉంది.

"తెరుచుకుందటగా, వెళ్ళండి. పని చూసుకోండి" అంది.

ఆయన గ్లాసు పుచ్చుకుని వెళ్ళాడు. పెళ్ళయిన ఏ మగవాణ్ణి అడిగినా చెప్తాడు, వెళ్ళండి అన్నప్పుడు వెళ్ళకూడదని. ఈ మహానుభావుడికి ఆ సంగతి ఎవరూ టైపు చేసి ఇవ్వలేదు కాబోలు. ఆవిడ తన గ్లాసు పట్టుకుని ఖాళీ పీట వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత పని పరుగులు పెట్టింది. పత్రాలు అడిగిన రోజుకు ముందే వెళ్ళాయి. పంతులమ్మగారు మెచ్చుకుంది, కూతురు తలెగరేసింది. ఇల్లాలికి మాత్రం చెప్పాల్సిన మాటలు గొంతులో పేరుకుపోయాయి. గోడ చెమ్మ సంగతి కూతురికి చెప్పబోతే ఫోను చూస్తూ "ఆఁ ఆఁ" అంది. అత్తగారికి చెప్పబోతే ఆవిడ చెమ్మ వదిలేసి, ఆ పక్కింటివాళ్ళ తాతలు ఎలాంటివాళ్ళో మొదలుపెట్టింది. చివరికి పాలగిన్నెకు చెప్పుకుంది, అది పొంగిపోయింది. ఇంట్లో అలమర తలుపులు గట్టిగా పడటం మొదలైంది. ఒకరోజు ఉండబట్టలేక, పాతది మళ్ళీ పెట్టడానికి వీలవుతుందా అని కూతుర్ని అడిగింది. బాగా పనిచేస్తుంటే ఎందుకమ్మా అని ఆ పిల్ల తెల్లబోయింది. ఏం లేదు, మూలుగుతుంటే ఇంట్లో మనిషి ఉన్నట్టుండేది అని చెప్పి, ఇల్లాలు ఉల్లిపాయలు లేకుండానే కళ్ళు తుడుచుకుంది.

ఏడాది పరీక్షలు వచ్చాయి. పత్రాలన్నీ మధ్యాహ్నానికి బడికి చేరాలి. ఆ పొద్దున అక్షరాలాయన మీట నొక్కితే తెర నల్లగా నిలబడి, తెల్లటి అక్షరాలతో ఏదో ఇంగ్లీషు మాట్లాడింది. డిస్కు దొరకలేదంటోందని ఆయన కూతుర్ని కేకేసి చెప్పాడు. బ్యాంకుకు బయల్దేరిన కూతురు భుజాన సంచీ భుజానే ఉంచి పరుగెత్తుకొచ్చి పెట్టె తెరిచింది.

కొత్త డిస్కుకు వెళ్ళే తీగ ఊడి వేలాడుతోంది. దానికదే ఊడే తీగ కాదు. ఎలకేమో అన్నాడు తండ్రి. ఎలకే అయ్యుంటుంది అంది కూతురు. వెనకాల నుంచి నాయనమ్మ మెడ చాచి లోపలికి చూసింది. చెవులు మందం గాని ఆవిడ కళ్ళు ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాయి.

"ఎలకైతే కొరుకుతుంది గాని, గుడ్డ పెట్టి తుడిచిపోతుందటే?"

అప్పుడు చూశారు. పెట్టె లోపల అద్దంలా మెరిసిపోతోంది. స్క్రూల తలల మీద కూరగాయల కత్తి గీతలు కూడా ఉన్నాయి. ముగ్గురూ ఒకేసారి వంటింటి గుమ్మం వైపు తిరిగారు. ఇల్లాలు అప్పటికే కడిగిన గ్లాసును మళ్ళీ కడుగుతోంది.

దుమ్ము దులిపాను అంది, తలెత్తకుండా. లోపలా అని కూతురు అడిగింది. దుమ్ము లోపలే కదా ఉండేది అంది.

కూతురికి ఒళ్ళు మండింది. ఈ పత్రాలు వెళ్ళకపోతే బడి పని ఊడుతుందని, నాన్న చేతులు కట్టుకుని కూర్చోవాలని, బోనస్ అంతా పెట్టి బాగుచేస్తే ఇదా మర్యాద అని గుక్క తిప్పుకోకుండా అంది. చివర్లో ఆగి ఉంటే బావుండేది, ఆగలేదు.

"నేను చేసిన మంచి పని చూసి నీకెందుకమ్మా ఇంత కడుపుమంట?"

గ్లాసు చప్పుడు ఆగింది. ఇల్లాలు కొంగుతో చేతులు తుడుచుకుని, నింపాదిగా ముందు గదిలోకి వచ్చింది. ఆ నింపాది చూసి అక్షరాలాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మంచిపనే చేశావు తల్లీ. మీ నాన్నకి మిషను బాగుచేశావు. అది లేచేదాకా ఆయన నాకుండేవాడు. రోజంతటికీ ఒక్క టీ తాగేంతసేపు. ఇప్పుడది నొక్కగానే లేచి కూర్చుంటోందాయె. నేనెవరితో మాట్లాడను? ఒక్కరోజన్నా మొరాయిస్తే వచ్చి కూర్చుంటాడు కదా అని తీగ లాగాను. పరీక్షల సంగతి నాకు తెలీదు. తెలిస్తే లాగేదాన్ని కాదు." అని, అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

అక్షరాలాయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. పాత పెద్దాయన లేచినట్టే, కాస్త ఆలస్యంగా మాట బయటికొచ్చింది.

"నువ్వేగా వెళ్ళమన్నావు."

"వెళ్ళమంటే వెళ్ళిపోతారా?"

నాయనమ్మ నుదురు కొట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఇదా నువ్వు నేర్చుకున్నది అని కొడుకును చీవాట్లు పెట్టబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన అమ్మకు అడ్డం చెప్పడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"నాకు మాత్రం వెళ్ళాలని ఉందా?" అన్నాడు భార్యతో. "పాతది కూడా నువ్వనుకున్నంతసేపు లేవకుండా ఉండేది కాదు. నువ్వు గోడ చెమ్మ దగ్గరికి వచ్చేసరికే దాని చప్పుడు ఆగిపోయేది. నేనే వినబడనట్టు కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఆ వంక పోయింది. పిల్ల కష్టపడి కొని బిగించింది, ఎదురుగా నిలబడి రెడీ అంటోంది, నువ్వేమో వెళ్ళమన్నావు. నాతో విసిగిపోయావేమో అనుకున్నాను."

ఇల్లాలు ఏడుపు ఆపి, ఆయన మొహంలోకి చూసింది. అన్ని మాటలు ఆయన ఆ గదిలో నిలబడి మాట్లాడటం అదే మొదలు.

"మరైతే ఈత కబురు మూడుసార్లు చెప్పించుకున్నారెందుకు?"

"చెప్పినప్పుడల్లా చెరువు కాస్త లోతు పెరిగేది. బావుండేది."

ఆవిడకు ఏడుపులోనే నవ్వొచ్చింది. కూతురు మాత్రం నేల మీద, తెరిచిన పెట్టె పక్కన కూలబడి ఏడ్చేసింది. చిన్నప్పుడు దుప్పటిలో ముడుచుకుని వినేది ఆ మూలుగును. దాని వెనకాలే వంటింట్లో రెండు గొంతులు, మధ్యమధ్యలో నాన్న నవ్వు. అవి వినిపిస్తే ఇంట్లో అంతా బాగానే ఉందని మళ్ళీ నిద్రపోయేది. ఈమధ్య పొద్దున్నే మెలకువ వచ్చేస్తుంటే బ్యాంకు పని ఒత్తిడి అనుకుంది. తను అన్న మాట తలుచుకుని, తప్పయిపోయిందమ్మా అంటూ తల్లి మోకాళ్ళు పట్టుకుంది. ఆ మోకాలు కాదే, నొప్పి అందులోనే అని తల్లి దగ్గరకు తీసుకుంది.

ముందు పని చూడండర్రా అని నాయనమ్మే అందరినీ కదిలించింది. కూతురు తీగ పెట్టింది, తెర క్షణంలో తెరుచుకుంది. ప్రింటరు గబగబా పత్రాలు కక్కింది. ఇల్లాలు తీగ లాగిన చేత్తోనే పేజీలు సర్ది కట్టలు కట్టింది. కూతురు బ్యాంకుకు ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి, కట్టలు బండి మీద పెట్టుకుని స్వయంగా బడిలో ఇచ్చొచ్చింది. పంతులమ్మగారు గడియారం వైపు చూసి, ఈసారికి సరిపోయింది అంది.

సాయంత్రం కూతురికి ఒక ఉపాయం తట్టింది. కంప్యూటరు కాస్త ఆలస్యంగా తెరుచుకునేలా తను మార్చగలదట. బాగుపడినవాడికి మళ్ళీ జబ్బు తెప్పిస్తావుటే అని నాయనమ్మ కసిరింది. తల్లి కూడా వద్దంది. నడుస్తున్నదాన్ని కుంటించి ఏం లాభం, కూర్చోవాలనుకున్నవాళ్ళు కూర్చుంటారు, లేనివాళ్ళు లేదు అంది. అంటున్నప్పుడు మొగుడి వైపు చూడలేదు. చూడకపోవడం ఆయనకు బాగానే అర్థమైంది.

మర్నాడు పొద్దున అక్షరాలాయన మీట నొక్కాడు. పెద్దాయన కిక్కురుమనకుండా లేచి కూర్చున్నాడు. వంటింట్లో టీ రెండు గ్లాసుల్లోకి దిగింది. ఆయన వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఇల్లాలు గట్టుకు ఆనుకుంది. పక్కింటివాళ్ళు ఎట్టకేలకు గొట్టం మార్పించారని మొదలుపెట్టింది. ఆయన నమ్మనన్నాడు. నమ్మకపోతే మీరే వెళ్ళి గోడ మీద చెయ్యిపెట్టి చూసుకోండి అంది. ఆయన కదల్లేదు. వెళ్ళమంటే వెళ్ళకూడదని ఆయన నేర్చుకున్నాడు.

బ్యాంకుకు బయల్దేరుతూ కూతురు ముందు గదిలో ఆగింది. తెర వెలుగుతోంది, కుర్చీ ఖాళీగా ఉంది. అలవాటు చొప్పున నోరు జారింది.

"నాన్నా, అది రెడీ అయి ఎంతసేపయిందో."

"కూర్చోనీ అమ్మా" అన్నాడు వంటింట్లోంచి. "ఇన్నేళ్ళూ దానికోసం నేను కూర్చున్నాను. ఇప్పుడు నాకోసం అది కూర్చుంటుంది."

కూతురు చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. వంటింట్లో ఇల్లాలు రెండోసారి టీ పోస్తూ, అసలు ఆ చెరువెంత లోతో నీకు తెలీదు అంటోంది. ఇన్నేళ్ళలో మొగుణ్ణి నువ్వు అనడం అదే మొదటిసారి, ఇద్దరూ గమనించలేదు. పెద్దాయన చాలాసేపు ఎదురుచూసి, ఎవరూ రాకపోయేసరికి తనంతట తనే తెర ఆర్పుకుని పడుకున్నాడు.