పొందిక కుదరని మీటరు

శనివారం మధ్యాహ్నం దాటిందంటే హనుమక్క ఇంటి గోడలు చల్లబడతాయి. ఊళ్ళో మిగతా ఇళ్ళకు వారానికిచ్చే వేడి అర్ధరాత్రి దాకా వస్తుంది. ఆమెకు సగం రోజు ముందే అయిపోతుంది. పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఇరుగుపొరుగు దీన్నొక వేళాకోళంగా చేసుకున్నారు. "పురుగులకు దుప్పట్లు కప్పినావా హనుమక్కా?" అని దారిలో పలకరించేవాళ్ళు.

ఆ ఊరు కెంపుగుంట. అంగారకుడి మీద, నేలకు యాభై అడుగుల లోతున రెండు వందల పన్నెండు ఇళ్ళు. ముత్తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి మల్బరీ కట్టెలు, పట్టుపురుగుల గుడ్లు పట్టుకుని వచ్చినవాళ్ళు. పైన సున్నాకు అరవై డిగ్రీల కింద చలి. ఊరి చివర మూలకేంద్రం మంచును కరిగించి, కాచి, పైపుల్లో ఇంటింటికీ పంపుతుంది. నీళ్ళు వేడిగా వచ్చి, గోడల్లో తిరిగి, చల్లారి వెళతాయి.

ప్రతి ఇంటికీ రెండు మీటర్లు. నీటి మీటరు వాడుకున్న నీళ్ళను కొలుస్తుంది. వేడి మీటరుది ఇంకొంచెం పని. గోడల్లోకి ఎన్ని నీళ్ళు వచ్చాయి, వచ్చేటప్పుడు ఎంత వేడి, పోయేటప్పుడు ఎంత వేడి, ఈ మూడూ చూసి ఇల్లు ఎంత వేడి తీసుకుందో తేలుస్తుంది. వారం వాటా నిండగానే గొట్టం మూసేస్తుంది.

మీటర్లకు చట్టం ఉంది. అయిదేళ్ళకొకసారి మీటరు విప్పి, ముద్రబల్ల మీద బిగించి, వంద లీటర్ల కాచిన నీళ్ళు పోసి చూడాలి. నూటికి మూడు దాకా తేడాను చట్టం ఓర్చుకుంటుంది. మించితే లోపలి దిద్దుమర తిప్పి సరిచేసి, సీసపు ముద్ర కొట్టాలి. ముద్ర చెల్లని మీటరుకు సరఫరా లేదు. ఇంటివాళ్ళు ఒప్పుకోకుండా మంచి ముద్రను విప్పకూడదు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ ముద్ర తిప్పేస్వామి చేతిలో ఉంది. తోపుడు బండి మీద ముద్రబల్లను పెట్టుకుని ఇంటింటికీ ఆయనే వెళతాడు.

ఆ ఏడు భూమి నుంచి డాక్టర్ ఇందుమతి వచ్చింది. ఆమె కనిపెట్టిన యంత్రం పేరు పొందిక.

"ఇక మీటర్లు విప్పే పని లేదు," అని ఆమె చావిడిలో అందరికీ వివరించింది. "ఒకే పైపు మీదున్న ఇళ్ళు ఒకదానికొకటి సాక్షులు. గదులెన్ని, మనుషులెందరు, గోడలెంత మందం, అన్నీ పొందికకు తెలుసు. చుట్టుపక్కల మీటర్లతో ఏది సరిపోకపోతే అది చెడిపోయినట్టు."

మూడో రోజుకే పొందిక మాట్లాడింది. దాని గొంతు మర్యాదగా ఉంటుంది.

"నూట తొంభయ్యో ఇల్లు. వేడి మీటరు నూటికి ఏడు పైన ఎక్కువ చూపుతోంది. పొందిక లేదు. ముద్ర రద్దయింది."

అది హనుమక్క ఇల్లు. నీళ్ళు గడ్డకట్టకుండా ఉండేంత వేడి మిగిల్చి గొట్టం మూసుకుంది.

"చిన్న పనే," అంది ఇందుమతి. "దిద్దుమర తిప్పి ఏడు తగ్గించండి తిప్పేస్వామిగారూ. మిగతా వాటితో కలిసిపోతుంది."

ఆయన బండి తోసుకుంటూ వెళ్ళాడు. హనుమక్క గడపలోనే నిలబడింది. ఊళ్ళో ఇప్పుడు పురుగులు పెంచే ఇల్లు అదొక్కటే. పురుగులున్న ఇంట్లోకి బయటివాళ్ళను రానివ్వరు. ఎవరి కాళ్ళ వెంట ఏ రోగం వస్తుందోనని గడప ముందు సున్నం చల్లి ఉంచుతారు. మీటరు విప్పి ఆమే బయటికి అందించింది.

"పదకొండేండ్లు నాది ఎక్కువ తిరిగిందంట గదన్నా. ముద్ర కొట్టింది నువ్వే గదా."

"చూస్తానుండు."

"బిరీన చూడు. ఆఖరి జ్వరం లేసినాయి. ఇంగ నాలుగు దినాల్లో గూళ్ళు కట్టల్ల. ఈ చలికి ఆకు ముట్టుకోకుండా పడుకోనుండాయి."

జ్వరమంటే పురుగు కుబుసం విడిచే ముందు తినకుండా నిద్రపోవడం. ఆఖరిది లేచాక వెచ్చదనం తగ్గితే ఆ పంట పోయినట్టే. హనుమక్కకు ఏడాదికి ఉన్న ఆధారం ఆ పంటే.

తిప్పేస్వామి వంద లీటర్లు పోశాడు. ముల్లు వంద దగ్గర ఆగింది. మళ్ళీ పోశాడు. వంద.

ఆయనకు కొత్తగా తెలిసిందేమీ లేదు. తెలిసినది కళ్ళ ముందుకొచ్చింది, అంతే.

మిగతా ఇళ్ళలో ఆయన బయట నిలబడలేదు. చాప వేసేవాళ్ళు. ఉగ్గాని పెట్టేవాళ్ళు, పండగ దగ్గరైతే ఓళిగలు. ఎవరూ ఏమీ అడగలేదు. "ఈ ఏడు చలి జాస్తిగా ఉండాది స్వామీ, పిల్లోళ్ళు ముడుక్కోని పండుకుంటాండారు," అని మాత్రం అనేవాళ్ళు. తిన్న చేయి కడుక్కుని దిద్దుమరను ఒక్క నలుసంత వెనక్కి తిప్పేవాడు. మొహమాటం. ఒక ఇంటికి తిప్పి పక్కింటికి తిప్పకపోవడం బాగుండదని పక్కింటికీ తిప్పేవాడు. అలా అలా మీటర్లు నూటికి ఏడు తక్కువ చూపే దాకా పోయింది. మూలకేంద్రంలో కనిపించే లోటును పైపులు కారుతున్నాయని రాసి, ప్రతి ఏడూ అందరి వాటా కొంచెం కొంచెం తగ్గించారు. హనుమక్క వాటా కూడా తగ్గింది. ఆమె మీటరుకు మాత్రం ఆయన సరైన ముద్రే కొట్టాడు. తన నిజాయితీ వల్ల కాదు. ఆ గడప దాటి ఆయన ఏనాడూ తినలేదు.

మీటరును ఉన్నదున్నట్టుగా ఆమెకిచ్చి, తిన్నగా ఇందుమతి దగ్గరికి వెళ్ళాడు.

"ఆ మీటరు సరిగ్గా ఉండాదమ్మా. చెడినవి తక్కినవి."

"ఎన్ని?"

"అన్నీ."

"ఎవరు చెడగొట్టారు?"

ఆయన తన కుడిచేతిని చూసుకున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

సాయంత్రం చావిడిలో ఊరు చేరింది. తిప్పేస్వామి నిలబడి ఉన్నది చెప్పాడు. ఇందుమతి యంత్రాన్ని అడిగింది.

"ఒకరి మాట రెండు వందల పదకొండు మీటర్లకు ఎదురుగా ఉంది," అంది పొందిక. "సరిపోలడం లేదు. ఇంటివారు సమ్మతిస్తే మీటర్లు విప్పి కొలవవచ్చు."

"పది ఇళ్ళు చాలు," అంది ఇందుమతి. "ఎవరిస్తారు?"

ఎవరూ లేవలేదు. చివరికి రైతు సంఘం పెద్ద ఓబన్న గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో తిన్న ఓళిగలు గూడా కక్కి సూపిస్తావా స్వామీ?"

నవ్వులు లేచాయి.

"మా మీటరుకు ముద్రుండాది. ముద్ర నీదే. నీ ముద్ర మీద నీకే నమ్మకం లేకపోతే మేమేం జేస్తాం?" అందొక ఆడమనిషి.

"మా ఇంటిది ఇప్పుతా," అన్నాడు తిప్పేస్వామి.

తన ఇంటి మీటరు తెచ్చి, అందరి ముందూ వంద లీటర్లు పోశాడు. ముల్లు తొంభై మూడు దగ్గర ఆగింది. నవ్వులు ఆగిపోయాయి. అందరూ చూశారు. చూసి, చెప్పులు వేసుకుని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆయన దిద్దుమర తిప్పి వందకు తెచ్చి ముద్ర కొట్టుకున్నాడు.

"ఇప్పుడు రెండు మీటర్లకు పొందిక లేదు," అంది యంత్రం. తిప్పేస్వామి ఇంటి గొట్టం కూడా మూసుకుంది.

ఇందుమతి తల వంచుకుంది. "అది నేను నేర్పినట్టే చెబుతోంది. ఎక్కువమంది అబద్ధం చూపిస్తారని నేను అనుకోలేదు," అంది మెల్లగా.

మర్నాడు పొద్దున్నే హనుమక్క తన మీటరు ఒడిలో పెట్టుకుని తిప్పేస్వామి ఇంటికొచ్చింది. ఆమె ఎవరి ఇంటికీ వచ్చే మనిషి కాదు.

"నాది గూడా అందరి మాదిరి తిప్పన్నా."

"నీది నిజం మీటరు, హనుమక్కా."

"నిజమైతే నా పురుగులు ఆకు తింటాయా?"

ఆమె మీటరును ముద్రబల్ల మీద పెట్టింది.

"రాత్రి రెండు తట్టలు సచ్చినాయి. ఇంగ ముప్పై ఉండాయి. నాకు న్యాయం జేసేది తర్వాత. ముందు తిప్పు."

ముద్రబల్ల ముందు కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక మనిషి నోరు విడిచి అడగడం అదే మొదటిసారి. దిద్దుమరను తిప్పాడు. తొంభై మూడు. ముద్ర కొట్టాడు.

"నూట తొంభయ్యో ఇల్లు. పొందిక కుదిరింది," అంది యంత్రం. "సరఫరా ఇస్తున్నాం."

మధ్యాహ్నానికి పురుగులు ఆకు కొరుకుతున్నాయని ఆమె కబురు పంపింది. దాంతోపాటు ఇంకో మాట కూడా పంపింది. "ఆయనదీ తిప్పుకోమను. ఆ వయసులో చలి మంచిది గాదు."

తిప్పుకోలేదు. ఆయనా భార్యా రెండు కంబళ్ళు కప్పుకుని కూర్చున్నారు. ఆమె ఒక్క మాటా అనలేదు. అననందుకు ఆయనకు ఇంకా కష్టంగా ఉంది. దారిన పోయేవాళ్ళు లోపలికి తొంగి చూసి, "మా ఇంటికి రా స్వామీ, వెచ్చగుంటుంది," అని నిజంగానే ప్రేమగా పిలిచారు. మీటరు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రెండు రోజులు అలా గడిచాయి. మూడో రోజు పొద్దున భార్యకు దగ్గు మొదలైంది. తిప్పేస్వామి తలుపు మూసి, మీటరు విప్పి, దిద్దుమర తిప్పాడు.

"రెండు వందల పన్నెండు ఇళ్ళూ సరిపోయాయి," అంది పొందిక. "ముద్రదారు గారికి అభినందనలు."

గోడలు వెచ్చబడడం మొదలైంది. ఆయన లేచి, భార్య చూడకుండా, గోడకు వీపు తగలనంత దూరంలో కూర్చున్నాడు.