ముప్పై ఏడు గీతలు

తలుపు విరిగి లోపలికి పడేసరికి కూర్మమ్మ చేతిలోని గంజి గిన్నె జారిపోయింది. ముగ్గురు పోలీసులు, మూడు తుపాకులు... మంచం తిరగబడింది, కుండలు పగిలాయి, బియ్యం డబ్బా బోర్లపడింది. డబ్బా అడుగున ఆమె దాచిన పుస్తకం బయటపడింది. గంట కిందటే తోట దారిలో, అందరూ చేపల దొర అని పిలిచే తెల్లదొరని కమ్యూనిస్టులు కాల్చి చంపారు. ఆ పుస్తకంలో ఒక పేజీ మీద చేప బొమ్మ ఉంది. ఆ పేజీని అడ్డంగా కొట్టేసి కూడా ఉంది!

"ఎవరిదిది?" అని ఒక పోలీసు అరిచాడు. కూర్మమ్మ నోరు తెరవబోయింది. ఆమె మొగుడు తాతబాబు మోచేత్తో ఆమెను వెనక్కి నెట్టి "నాదే" అన్నాడు. తుపాకి మడమ అతని దవడ మీద పడింది. నోట్లోంచి రక్తం కారుతుండగా అతన్ని ఈడ్చుకుపోయారు.

ఆ పుస్తకం తాతబాబుది కాదు. మలయాలో సుంగై సిపుట్ ఊరి దగ్గరి ఆ రబ్బరు తోటలో, దొరల క్లబ్బు టెన్నిసు కోర్టుకి సున్నంతో గీతలు వేయడం కూర్మమ్మ పని. శనివారాలు ఆట జరుగుతుంటే చీపురు పట్టుకుని కంచె పక్కనే కూర్చునేది. కంచె బయట కూలీలు, డ్రైవర్లు పందేలు కాసేవారు. ఆ పందేలు పట్టేది తోట ఆఫీసులో కిరాణీ, అంటే గుమాస్తా పని చేసే రామదాసు. అక్షరం ముక్క రాని కూర్మమ్మ ఒక్కో దొరకి ఒక్కో బొమ్మ పెట్టుకుంది. ఏట్లో గాలం వేసే దొరకి చేప, పోలీసు దొరకి ఈల. బంతి గీత లోపల పడితే చుక్క, వలకి తగిలితే కొక్కెం. ఎవరు ఎండకి సోలిపోతారో, ఎవరు వెనకబడగానే తడబడతారో రెండేళ్ల చుక్కలు ఆమెకి చెప్పేవి. ఆమె మాట విన్న వారం తాతబాబు గెలిచేవాడు. కానీ మగమహారాజాయె, ఆడదాని లెక్క వింటే నామోషీ! దర్జాగా ఉంటాడని చేపల దొర మీదే కాసేవాడు. ఓడిపోయి ఇంటికొచ్చి ఆమెను గొడ్డును బాదినట్టు బాదేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు పుస్తకం తనదని ఎందుకన్నాడో కూర్మమ్మకి అంతుపట్టలేదు...

ఆమె పరిగెత్తుకుంటూ తోట ఆఫీసు చేరేసరికి తాతబాబు కుడిచేతిని బల్లకి అదిమిపెట్టి లాఠీతో కొడుతున్నారు. రెండు వేళ్లు అప్పటికే వెనక్కి తిరిగిపోయాయి. పోలీసు దొర పక్కన రామదాసు దుబాసీగా నిలబడి ఉన్నాడు.

"ఈ గుర్తులు అడవిలోని కమ్యూనిస్టుల్లో ఎవరికిచ్చావని దొర అడుగుతున్నారు" అన్నాడు రామదాసు.

"నాకు తెల్దు. పుస్తకం నాది" అన్నాడు తాతబాబు. మళ్లీ లాఠీ దిగింది. ఎముక విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినబడింది.

రామదాసుకు అన్నీ తెలుసు. చెబితే తన ఉద్యోగం ఊడుతుందని బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డాడు.

కూర్మమ్మ లోపలికి వెళ్లి ఆ రక్తపు బల్లకి అడ్డంగా పడింది. "ఆపండి. ఆ పుస్తకం నాది. గీసింది నాను" అంది.

"దాని మాట నమ్మకండి, దానికి పిచ్చి" అని తాతబాబు నేల మీదికి జారిపోతూ గొణిగాడు.

"ఈల బొమ్మున్న కాగితం తియ్యమను కిరాణీ అయ్యా. అది ఈ దొరదే. మూడు వారాల కింద శనివారం చేపల దొరతో ఆడినాడు. బంతి ఎగరేసి ఆట మొదలెట్టేటప్పుడు ఏడుసార్లు రెండు బంతులూ వలకే కొట్టినాడు. ఎనకబడితే చాలు, రెండో బంతి వల దాటదు. ఏడు జతల కొక్కేలున్నాయి, లెక్కెట్టుకోమను. పందేలు పట్టింది నువ్వేనని కూడా సెప్పు."

రామదాసు ఇంగ్లీషులో చెప్పాడు. దొర పేజీ తిప్పి కొక్కేలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చేతికర్ర ఎత్తి రామదాసు మొహం మీద ఒక్కటిచ్చాడు. తర్వాత చేప పేజీ చూపించాడు.

"ఆయన మీద కాయొద్దని మా మావకి గురుతు. ఎండెక్కితే ఆయాసపడేవోడు, పాపం" అంది కూర్మమ్మ.

దొర చివరి పేజీ తిప్పాడు. అక్కడ చుక్కల్లేవు, కొక్కేల్లేవు. పైన ఒక చెయ్యి బొమ్మ, కింద వరసగా గీతలు.

"ఇదెవరని అడుగుతున్నారు" అన్నాడు రామదాసు మూతి తుడుచుకుంటూ.

కూర్మమ్మ ఆ గీతల వైపు చూసింది. ఆ ఒక్కటీ చెప్పకపోతే మిగతా అంతా అబద్ధమైపోతుంది. చెబితే... నేల మీద పడి ఉన్న మొగుడు వింటాడు.

"మా ఆయన. పందెం పోయి నన్ను కొట్టిన దినాలు. ముప్పై ఏడు."

తాతబాబు తల వాలిపోయింది. దొర తన ఈల పేజీ చింపుకుని జేబులో పెట్టుకున్నాడు. పుస్తకం కూర్మమ్మ కాళ్ల దగ్గర పడేసి, వాళ్లిద్దరినీ పొమ్మన్నాడు.

ఇపో పట్నం ఆసుపత్రిలో కట్టు కట్టారు గాని వేళ్లు ఇక వంగవన్నారు. ఇంటికొచ్చాక కూర్మమ్మ గంజి తాగిస్తూ అడిగింది. "పుస్తకం కూర్మిదని సెప్పెయ్యకపోయినావా మావా?"

"నాను కొడితేనే మూడు దినాలు లెగలేకపోయినావు. ఆళ్లు కొడితే బతుకుతావా ఏటి..." అన్నాడు తాతబాబు. ఆమె గిన్నె కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎంత ప్రేమో, ఎంత పాపమో ఒక్క నోటే వచ్చేశాయి!

"ఆ గీతలు సెరిపెయ్యవా, కూర్మీ?"

"సెరపను."

"ఉండనీలే" అన్నాడు అతను, గోడవైపు తిరిగి.

ఆరేళ్లు గడిచాయి. మెర్దెకా, అంటే మలయాకి స్వతంత్రం వచ్చిన రోజు పొద్దున్న కూలీల ఇళ్ల లైనంతా కొత్త జెండాలు కట్టారు. పక్కింటి కామాచ్చి కూర్మమ్మ భుజం తట్టి, "చెయ్యి పడిపోబట్టే గదే నీ మొగుడికి బుద్ధొచ్చింది" అని నవ్వింది. కూర్మమ్మ లోపలికి వెళ్లి, డబ్బా కింది పుస్తకం తీసి చివరి పేజీ చూసుకుంది. ముప్పై ఏడే ఉన్నాయి. పెరట్లో కట్టెలు పగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆరేళ్లుగా తాతబాబు ఒక్క దెబ్బకే దుంగ చీలేలా ఎడమ చేత్తోనే గొడ్డలి ఎత్తుతున్నాడు.