బాగుండానని చెప్పిన బిడ్డ

ఎర్రగుంట్లలో పొద్దెక్కకముందే ఎండ చురుక్కుమంటోంది. పద్మశ్రీ బొరుగుల ఉగ్గాని పళ్లెం కూతురి ముందు పెట్టింది. "ఉప్పు సరిపోయిందా?" అనడిగితే సుప్రజ "బాగుండాదిమా" అంది. డాక్టరు చదువుకని పదిహేడేళ్లకే కిర్గిజ్‌స్తాన్ వెళ్లిన పిల్ల, రెండేళ్లకు సెలవుల్లో ఇంటికొచ్చింది. ఏమడిగినా అదే జవాబు. ఒకప్పుడు ఉప్పు తగ్గితే ఇల్లు పీకి పందిరేసిన పిల్లేనా ఇది అని పద్మశ్రీకి గుబులుగా ఉంది. భర్త ఉమామహేశ్వర మాత్రం బిడ్డకు పెద్దరికం వచ్చిందని మురిసిపోతున్నాడు.

అంతలో పక్కింటి నరసన్న వచ్చాడు. ఇంటర్ ముగించిన తన కూతుర్నీ అక్కడికే పంపాలని ఆయన ఆలోచన.

"ఆడ ఎట్లుంటాది సుప్రజా? మా పాప ఉండగలదా?"

"ఇప్పుడే పంపద్దు మామా. ఇంకా చిన్నపిల్ల."

ఉమామహేశ్వర ముఖం మాడిపోయింది. నరసన్న వెళ్లేదాకా ఓర్చుకుని, తర్వాత గొంతు పెంచాడు.

"ఫోన్ చేసినప్పుడల్లా నవ్వుకుంటా బాగుండానంటివి. ఈ పొద్దు బయటోళ్ల ముందర ఏం మాట్లాడతాండావు?"

"బాగలేదంటే నువ్వు వింటాంటివా నాయనా?" సుప్రజ గొంతు పెరగలేదు. "మొదటి చలికాలం జ్వరంతో పడుకోనుంటి. నీళ్లిచ్చే మనిషి లేదు. ఫోన్లో ఏడిస్తే, ఏడ్చేటట్లయితే ఫోన్ చేయద్దంటివి. ఆ పొద్దునుంచి మొగం కడుక్కుని, అద్దంలో నవ్వడం చూసుకుని ఫోన్ చేస్తాంటి. రానురాను ఏడుపే రాకుండా పాయ. అవ్వ చచ్చిపోయిందన్నప్పుడు కూడా రాలేదు. నాకేమైందోనని నాకే భయమేసింది."

అత్త పోయిన రోజు కూతురు "మీరు జాగ్రత్తమా" అని ఫోన్ పెట్టేస్తే, పిల్లకెంత ఓర్పో అని నలుగురికీ గొప్పగా చెప్పుకుంది పద్మశ్రీ. అది ఓర్పు కాదని ఇప్పుడు తెలిసింది.

ఉమామహేశ్వర కుర్చీలో కూలబడ్డాడు. "అట్లంటే గట్టిపడతావనుకుంటి తల్లీ. ఫోన్ పెట్టేసి, మీ అమ్మకు కనపడకుండా నేనూ ఏడిస్తి."

"ఆ మాట నాకు చెప్పింటే చాలు గదా నాయనా."

ఆయన "ఇష్టం లేకుంటే మళ్లా ఆడికి పోవద్దులే," అన్నాడు.

"పోతా. ఆ చదువంటే నాకిష్టమే. బాగలేదన్నప్పుడు వినండి, అంతే." తల్లి వైపు తిరిగింది. "మా, అవ్వ చివర్లో నన్నడిగిందా?"

ఇన్నాళ్లూ బిడ్డ బెంగపడుతుందని పద్మశ్రీ దాచిన సంగతది. ఇక దాచలేదు.

"అడిగింది. నువ్వొచ్చినావనుకోని నా చెయ్యి పట్టుకునింది. నీ పేరుతోనే పిలిచింది."

సుప్రజకు ఎన్నాళ్లుగానో రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఊరుకోమ్మా అనబోయి ఉమామహేశ్వర ఆ మాటను నోట్లోనే మింగేశాడు. లేచొచ్చి బిడ్డ పక్కన కూర్చుని, ఆ తలను తన భుజానికి చేర్చుకుని, పోయిన తల్లిని తలుచుకుని తనూ ఏడ్చాడు, ఈసారి అందరికీ కనపడేటట్లే.